ఒరిజినల్ అంటే ఏ కాపీ?

మన సీఎస్‌ఈ వాళ్ళకి "ఒరిజినల్ ఫైల్" అన్న మాట మీద పెద్ద గౌరవం ఉండదు. నోట్సు పీడీఎఫ్ ఒకటి సీనియర్ల గ్రూపులోంచి మన గ్రూపులోకి, అక్కణ్ణించి జూనియర్ల గ్రూపులోకి వెళ్తుంది. మొదటి ఫోనులో ఉన్నదానికీ వందో ఫోనులో ఉన్నదానికీ ఒక్క బిట్టు తేడా ఉండదు. అనుమానం వస్తే హ్యాష్ చూసుకుంటాం, సరిపోతే రెండూ ఒకటే. "నాది ఫస్ట్ కాపీ, అందుకే రేటు ఎక్కువ" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటాం.

వినైల్ రికార్డులు పోగుచేసే వాళ్ళ దగ్గర మాత్రం సరిగ్గా ఈ మాటకే విలువ. ఆల్బమ్ ఒకటే, పాటలు అవే, అట్ట మీద బొమ్మ కూడా అదే. అయినా ఆల్బమ్ మొదటిసారి విడుదలైనప్పుడు తయారైన డిస్కుని "ఒరిజినల్ ప్రెస్సింగ్" అంటారు. మంచి కండిషన్లో దొరికితే వేలకి వేలు పోసి కొంటారు. అదే ఆల్బమ్‌ని దశాబ్దాల తర్వాత మంచి ప్లాస్టిక్ మీద, మందంగా, శ్రద్ధగా మళ్ళీ ప్రెస్ చేసి అమ్మితే అది "ఆడియోఫైల్ రీఇష్యూ". ఆడియోఫైల్ అంటే పాట ఎంత ముఖ్యమో అది వినిపించే తీరు కూడా అంతే ముఖ్యం అనుకునే మనిషి అన్నమాట. ఈ రెండిట్లో ఏది బాగా వినిపిస్తుంది అన్న గొడవ ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది.

నేను ఏ పక్షమూ కాదు. నా దగ్గర టర్న్‌టేబుల్ కూడా లేదు. కానీ ఈ గొడవ గురించి చదివే కొద్దీ ఇది మన సబ్జెక్టే అనిపించింది. ఇందులో ఉన్నవన్నీ మనకి తెలిసిన మాటలే: కాపీ, వెర్షన్, సోర్సు, వెరిఫికేషన్. "పాతదా, కొత్తదా" అన్న ప్రశ్నకి ఎప్పటికీ జవాబు దొరకదు. "ఇది దేనికి కాపీ, ఎన్ని మెట్లు దాటి వచ్చింది" అన్న ప్రశ్నకి దొరుకుతుంది. అయితే ఆ జవాబుని చెవితో కనిపెట్టలేమని 2022లో తేలింది. అది ఎలాగో చెప్పాలంటే ముందు డిస్కు ఎలా తయారవుతుందో చూడాలి.

టేపు నుంచి గాడి దాకా

టేపు కాలంలో స్టూడియోలో పాడింది ముందు టేపు మీద రికార్డయ్యేది. అన్ని ట్రాకుల్నీ కలిపి ఫైనల్‌గా తయారుచేసిన రెండు ఛానెళ్ళ టేపుని మాస్టర్ టేపు అంటారు. ఆ టేపుని ఆడిస్తూ కట్టింగ్ లేత్ అనే యంత్రంతో ఒక డిస్కు మీద గాడి కోస్తారు. ఆ డిస్కుని లాకర్ అంటారు. బ్యాంకు లాకర్ కాదు. అల్యూమినియం పళ్ళెం మీద నైట్రో సెల్యులోజ్ పూత పూసిన మెత్తటి డిస్కు.

లాకర్ మీద వెండి పూత చల్లి, నికెల్ స్నానం చేయిస్తారు. గట్టిపడ్డ నికెల్‌ని ఊడదీస్తే గాడి ఉండాల్సిన చోట గట్టు ఉన్న నెగెటివ్ వస్తుంది. దీని పేరు ఫాదర్. ఫాదర్ నుంచి అదే పద్ధతిలో తీసిన పాజిటివ్ మదర్. మదర్ నుంచి తీసిన నెగెటివ్‌లు స్టాంపర్లు. రెండు స్టాంపర్ల మధ్య వేడి చేసిన పీవీసీ ముద్ద పెట్టి నొక్కితే మన చేతికొచ్చే డిస్కు. ఒక ఫాదర్ నుంచి కొన్ని మదర్లు, ఒక్కో మదర్ నుంచి కొన్ని స్టాంపర్లు, ఒక్కో స్టాంపర్ మీద సుమారు వెయ్యి డిస్కులు. అచ్చంగా ట్రీ డేటా స్ట్రక్చర్. రూట్ మాస్టర్ టేపు, ఆకులు మన డిస్కులు.

తేడా ఎక్కడంటే ఈ చెట్టులో ప్రతి మెట్టు దగ్గరా కొంచెం పోతుంది. ఊడదీసేటప్పుడు గీత పడొచ్చు, స్టాంపర్ అరగొచ్చు. ఒకే స్టాంపర్ మీద మొదట్లో వచ్చిన డిస్కూ చివర్లో వచ్చిన డిస్కూ ఒకేలా వినిపించాలని రూలేం లేదు. అంటే "ఒరిజినల్ ప్రెస్సింగ్" అనేది ఒక వస్తువు కాదు. అదే ఏడాది, అదే ఫ్యాక్టరీలో పుట్టినా అక్కాచెల్లెళ్ళలా ఉంటాయే తప్ప కవలల్లా ఉండవు.

పైగా ఈ చెట్టంతా చాలా సన్నటి కొమ్మ మీద నిలబడి ఉంది. లాకర్ డిస్కులు చేసే పెద్ద కంపెనీలు ప్రపంచం మొత్తానికి రెండే ఉండేవి. అందులో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ 2020 ఫిబ్రవరిలో కాలిపోయింది. భారమంతా జపాన్ కంపెనీ మీద పడింది.

కోయడం అంటే ఉన్నదున్నట్టు దించడం కాదు

టేపు మీద ఉన్నది ఉన్నట్టు గాడిలోకి దించితే ఆ డిస్కు ఆడదు. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలకి గాడి చాలా వెడల్పుగా ఊగుతుంది. అలా వదిలేస్తే ఒక వైపున పట్టే పాటల నిడివి తగ్గిపోతుంది, ముల్లు గాడి దాటి గెంతుతుంది. అందుకే కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, ఆడించేటప్పుడు యాంప్లిఫయర్ దాన్ని తిరగేస్తుంది. 1954లో వచ్చిన ఆర్ఐఏఏ కర్వ్ ప్రకారం 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ తగ్గింపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంపు. 20 డెసిబెల్స్ అంటే ఆంప్లిట్యూడ్‌లో 10 రెట్లు. ఒక రకంగా ఇది ఎన్‌కోడ్, డికోడ్.

ఇది అందరికీ ఒకటే స్టాండర్డ్. దీని పైన కోసే ఇంజనీరు చేతివాటం ఉంటుంది. ఎంత గట్టిగా కోయాలి, లోతైన బేస్ ఎంత ఉంచాలి, డిస్కు మధ్యకి ఎంత దగ్గరగా పాట రానివ్వాలి అనేది ఆయన నిర్ణయం. మధ్యకి రావడం ఎందుకు సమస్య అంటే, డిస్కు తిరిగే వేగం మారదు కానీ ముల్లు కింద గాడి పరిగెత్తే వేగం మారుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 12 అంగుళాల ఎల్‌పీ మీద అంచు దగ్గర ముల్లు కింద నుంచి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్ల గాడి వెళ్తే, లేబుల్ దగ్గర సుమారు 21 సెంటీమీటర్లే. అదే పాటని సగం కంటే తక్కువ జాగాలో ఇరికించాలి. అందుకే ప్రతి వైపూ చివరి పాటలో ఆ గరగర. ఖరీదైన రీఇష్యూలు చాలా వరకు 45 చుట్ల వేగంతో రెండు డిస్కులుగా రావడానికి కారణం ఇదే. అదే పాటకి ఎక్కువ గాడి దొరుకుతుంది. మధ్యలో మూడు సార్లు లేచి డిస్కు తిప్పడం, మార్చడం మాత్రం మన ఖర్మ.

కోసే చేతిని బట్టి ఆల్బమ్ ఎంత మారుతుందో చెప్పడానికి అందరూ చెప్పే ఉదాహరణ లెడ్ జెప్పెలిన్ రెండో ఆల్బమ్. 1969లో బాబ్ లడ్విగ్ అనే ఇంజనీరు దాన్ని చాలా గట్టిగా, బేస్ నిండుగా కోశాడు. ఆ డిస్కు రికార్డు కంపెనీ పెద్ద ఇంట్లో కూతురి చవక ప్లేయర్ మీద గెంతిందని, దాంతో వెనక్కి తెప్పించి మెత్తగా మళ్ళీ కోయించారని లడ్విగే చెప్పాడు. మొదటి విడత డిస్కుల్లో పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే ఖాళీ జాగాలో "ఆర్ఎల్" అన్న అక్షరాలు గీకి ఉంటాయి. ఆ జాగాని డెడ్ వాక్స్ అంటారు. ఇవాళ ఆ రెండక్షరాలున్న కాపీకే గిరాకీ. రెండు రకాలూ ఒరిజినల్ కాలానివే, కానీ ఒకే పేరుతో రెండు వెర్షన్లు. అట్ట మీద ఎక్కడా తెలీదు, డెడ్ వాక్స్‌లో మాత్రం కమిట్ మెసేజ్‌లా గీకి ఉంది.

ఒరిజినలే తప్పయితే?

మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" జాజ్‌లో అందరికీ తెలిసిన ఆల్బమ్. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో రికార్డు చేశారు. మార్చి 2న మాస్టర్ టేపు మెషీన్ ఉండాల్సిన వేగం కన్నా కొంచెం నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా రికార్డయిన టేపుని సరైన వేగంతో ఆడిస్తే ఏమవుతుంది? పాట కొంచెం త్వరగా, శ్రుతి కొంచెం పైకి. ఆ రోజు రికార్డు చేసిన మూడు పాటలే ఆల్బమ్ మొదటి వైపంతా.

మూడు దశాబ్దాలకి పైగా జనం విన్నది ఆ శ్రుతి పెరిగిన వెర్షనే. రికార్డు పెట్టుకుని పక్కన వాయించడం నేర్చుకునే వాళ్ళకి తమ వాయిద్యం శ్రుతి కలవకపోతే తప్పు తమదే అనుకునే పరిస్థితి. అదృష్టం కొద్దీ ఆ రోజు పక్కనే బ్యాకప్ కోసం ఇంకో మెషీన్ తిరిగింది, దాని వేగం సరిగ్గానే ఉంది. ఆ టేపు ఆధారంగా 1992లో మార్క్ వైల్డర్ అనే ఇంజనీరు మొదటి వైపు వేగం సరిచేశాడు.

ఇప్పుడు చెప్పండి, ఏది ఒరిజినల్? 1959లో జనం కొన్న డిస్కా, 1959లో ఆ గదిలో వాళ్ళు వాయించిన శ్రుతా? రెండూ న్యాయమైన జవాబులే. చరిత్ర కావాలనుకునే వాడికి మొదటిది, మైల్స్ ట్రంపెట్ ఎలా మోగిందో కావాలనుకునే వాడికి రెండోది. రీఇష్యూ చేసేవాడు ఈ రెండిట్లో దేన్ని ఎంచుకున్నాడో చెప్పాలి, అంతే.

ఇలాంటిదే ఇంకోటి. డైర్ స్ట్రెయిట్స్ 1985 ఆల్బమ్ "బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్" డిజిటల్ మల్టీట్రాక్ మీద రికార్డయింది. సీడీలో పాటలు పూర్తిగా వచ్చాయి, ఎల్‌పీలో పట్టక కొన్నిటి నిడివి కత్తిరించారు. తర్వాత రెండు డిస్కుల రీఇష్యూల్లో పూర్తి నిడివి పెట్టారు. ఇక్కడ ఒరిజినల్ వినైల్‌లో ఉన్న పాట రీఇష్యూలో కంటే తక్కువ. పైగా "వినైల్ అంటే అనలాగ్" అనుకుని ఆ ఒరిజినల్‌ని కొన్నవాడికి అందిందీ డిజిటల్ సోర్సే.

రీఇష్యూ ఏం చేయగలదు, ఏం చేయలేదు

బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ పాత డిస్కుల మీద మోజు చాలా ఎక్కువ. 1950లు, 60లలో వాటిలో ఎక్కువ భాగం రికార్డు చేసిందీ, లాకర్ కోసిందీ రూడీ వాన్ గెల్డర్. ఆయన పేరు డెడ్ వాక్స్‌లో ఉంటుంది. అప్పట్లో జనం ఇళ్ళల్లో ఉన్న ప్లేయర్ల మీద ముల్లు గెంతకుండా ఆడాలి కాబట్టి లోతైన బేస్ కొంత తగ్గించి, శబ్దాన్ని కొంత అదిమి, గట్టిగా కోసేవాడు. ఆ డిస్కుల్లో వినిపించే "దూసుకొచ్చే" శబ్దం కొంత ఆ నిర్ణయం వల్లే.

2019లో అదే బ్లూ నోట్ "టోన్ పోయెట్" అనే రీఇష్యూ సిరీస్ మొదలుపెట్టింది. జో హార్లీ పర్యవేక్షణ, కెవిన్ గ్రే కట్టింగ్, అసలు మాస్టర్ టేపుల నుంచి. ఇప్పటి టర్న్‌టేబుళ్ళు ఆ బేస్‌ని మోయగలవు కాబట్టి టేపులో ఉన్నది తగ్గించకుండా కోయొచ్చు. ఫలితంగా డబుల్ బేస్ నిండుగా, శబ్దం విశాలంగా వినిపిస్తుందని మెచ్చుకునే వాళ్ళున్నారు. ఒరిజినల్‌లో ఉన్న ఊపు ఇందులో లేదనే వాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఒకరు టేపుకి దగ్గరగా ఉన్నదాన్ని మెచ్చుకుంటున్నారు, ఇంకొకరు వాన్ గెల్డర్ నిర్ణయాన్ని మెచ్చుకుంటున్నారు.

కొత్త రీఇష్యూకి ఎదురయ్యే పెద్ద శత్రువు కాలం. 1959లో కోసినప్పుడు టేపు కొత్తది, ఇప్పుడు దాని వయసు 60 దాటింది. ఆడించిన ప్రతిసారీ ఎంతో కొంత అరుగుతుంది. 1970ల నాటి కొన్ని టేపుల్లో అయితే పూతని పట్టి ఉంచే జిగురు గాల్లో తేమ పీల్చుకుని బంకలా అవుతుంది. అలాంటి వాటిని తక్కువ వేడి మీద గంటల తరబడి ఉంచి, ఆరబెట్టి, గబగబా కాపీ తీసుకుంటారు. ఒరిజినల్ డిస్కు గీతలు పడి, పాత ముళ్ళతో అరిగి ఉండొచ్చు, కానీ అది కుర్ర టేపుకి పుట్టిన బిడ్డ. రీఇష్యూ శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉండొచ్చు, కానీ ముసలి టేపుకి పుట్టింది.

ఇక అట్ట మీద పెద్ద అక్షరాలతో కనిపించే "180 గ్రాములు" సంగతి. మామూలు డిస్కు 120 నుంచి 140 గ్రాములుంటుంది. బరువెక్కువైతే చేతికి బాగుంటుంది, వంగిపోయే ప్రమాదం కొంత తగ్గుతుంది. కానీ గాడి లోతు అదే. సోర్సు ఏంటో చెప్పకుండా బరువు మాత్రమే చెప్పే స్టిక్కర్, ప్రాజెక్టు రిపోర్టులో పేజీల సంఖ్య లాంటిది.

40,000 డిస్కుల లెక్క

ఇప్పుడు 2022కి వద్దాం. మొబైల్ ఫిడెలిటీ, ముద్దుగా మోఫై, 1977 నుంచి ఆడియోఫైల్ రీఇష్యూలు చేస్తున్న అమెరికన్ కంపెనీ. వాళ్ళ అట్టల పైన "ఒరిజినల్ మాస్టర్ రికార్డింగ్" అన్న పట్టీ ఉంటుంది. వాళ్ళ అన్నిటికన్నా ఖరీదైన వరస పేరు "వన్ స్టెప్", అప్పట్లో డబ్బా సుమారు 125 డాలర్లు. పైన చెప్పిన చెట్టులో మదర్, స్టాంపర్ మెట్లు తీసేసి, లాకర్ నుంచి తీసిన మొదటి నెగెటివ్‌తోనే డిస్కులు ప్రెస్ చేయడం దాని ప్రత్యేకత. రెండు కాపీ మెట్లు తగ్గాయి కాబట్టి ధ్వని మెరుగు. ఆ మెట్లన్నీ బొమ్మ వేసి డబ్బాలో పెట్టేవాళ్ళు. అందులో డిజిటల్ అన్న మాట లేదు.

మైకేల్ జాక్సన్ "థ్రిల్లర్"ని వన్ స్టెప్‌లో 40,000 కాపీలు తెస్తున్నామని మోఫై ప్రకటించింది. ఒక్కసారి లెక్క వేయండి. ఒక నెగెటివ్ మీద సుమారు 1,000 డిస్కులు. ఒక లాకర్ నుంచి ఒకే నెగెటివ్. అంటే 40,000 డిస్కులకి ఒక్కో వైపుకి 40 లాకర్లు కోయాలి. నిజంగా అంతా అనలాగ్ అయితే "థ్రిల్లర్" అసలు మాస్టర్ టేపుని 40 సార్లు ఆడించాలి. అంత విలువైన టేపుని అన్నిసార్లు అరగనివ్వడానికి ఏ యజమాని ఒప్పుకుంటాడు?

ఆ జులైలో అరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో రికార్డు షాపు నడిపే మైక్ ఎస్పొజిటో ఒక వీడియో పెట్టాడు. మోఫై డిస్కులు నేరుగా టేపు నుంచి కాకుండా డిజిటల్ ఫైల్ నుంచి కోస్తున్నారని తనకి నమ్మకస్తుల ద్వారా తెలిసిందని దాని సారాంశం. జనం అతని మీద విరుచుకుపడ్డారు. కొద్ది రోజులకే మోఫై అతన్ని కాలిఫోర్నియాకి పిలిచింది. అక్కడ కంపెనీ ఇంజనీర్లు కెమెరా ముందే ఒప్పుకున్నారు: అవును, డీఎస్‌డీ వాడుతున్నాం. మొదలైంది 2011లోనే.

డీఎస్‌డీ అంటే శబ్దాన్ని ఒక్కో శాంపిల్‌కి ఒకే ఒక్క బిట్టుతో, కానీ చాలా వేగంగా రికార్డు చేసే పద్ధతి. సీడీ సెకనుకి 44,100 సార్లు 16 బిట్ల చొప్పున శాంపిల్ తీసుకుంటుంది. మోఫై వాడిన డీఎస్‌డీ 256 రకం సెకనుకి 1,12,89,600 సార్లు ఒక్కో బిట్టు తీసుకుంటుంది. టేపు ఉన్న చోటికే మెషీన్ పట్టుకెళ్ళి ఒక్కసారి ఆడించి డీఎస్‌డీలోకి దించుకుంటే, తర్వాత ఎన్ని లాకర్లయినా కోయొచ్చు. టేపు అరగదు. ఇంజనీరింగ్‌గా చూస్తే ఇది మంచి నిర్ణయమే.

మరి గొడవేంటి? అన్నాళ్ళూ చెప్పకపోవడం. కోర్టు కేసు పడింది. కొన్నవాళ్ళు డిస్కు తిరిగిచ్చి డబ్బు తీసుకునేలా రాజీ కుదిరింది. విషయం బయటపడ్డాక మోఫై తన రికార్డులకి సోర్సు ఏంటో వివరంగా చెప్పడం మొదలుపెట్టింది.

నాకు ఇందులో ముఖ్యం అనిపించింది వేరే. "డిజిటల్ మెట్టు ఒక్కటి పడినా నా చెవికి తెలిసిపోతుంది" అనే వాళ్ళు ఎందరో పదేళ్ళ పాటు ఈ డిస్కుల్ని ఇళ్ళల్లో ఆడించారు. రివ్యూలు రాశారు, అనలాగ్ అంటే ఇదీ అని మెచ్చుకున్నారు. లక్షలు పోసి కొన్న సిస్టమ్ మీద విని, చెవితో పట్టుకుని బయటపెట్టినవాడు లేడు. విషయం బయటికొచ్చింది మనుషుల నోటి నుంచి.

దీన్నిబట్టి "అంతా భ్రమే" అని తేల్చేయడం కూడా తొందరపాటే. ఆ డిస్కులు నిజంగానే బాగుండి ఉండొచ్చు, జాగ్రత్తగా కోశారు కదా. కాకపోతే రెండు ప్రశ్నలు విడిపోయాయి. ఇది ఎలా వినిపిస్తుంది అనేది ఒకటి, ఇది ఎక్కణ్ణించి వచ్చింది అనేది ఇంకోటి. మొదటిదానికి మన చెవి చాలు. రెండోదానికి చెవి పనికిరాదు, రాసి ఉన్న కాగితం కావాలి, ఆ కాగితం నిజం చెప్పాలి. హ్యాష్ లేని లోకంలో నమ్మకమే హ్యాష్. మోఫై కొనుగోలుదార్లు డబ్బు పోసింది ఎక్కువగా రెండోదానికి. వాళ్ళ కోపం అందుకే న్యాయమైంది, డిస్కు ఎంత బాగా వినిపించినా సరే.

నిజంగా పోల్చాలంటే

మీ ఇంట్లోనో, ఫ్రెండ్ ఇంట్లోనో ఒకే ఆల్బమ్ రెండు ప్రెస్సింగులు ఉంటే పోల్చడం కష్టమేం కాదు. కొన్ని జాగ్రత్తలు చాలు.

మొదటిది శుభ్రత. దుమ్ము పట్టిన ఒరిజినల్‌ని ప్యాకెట్ విప్పిన రీఇష్యూతో పోలిస్తే పోల్చింది దుమ్మునే. రెండిట్నీ ఒకేలా కడగాలి. టర్న్‌టేబుల్, ముల్లు, యాంప్లిఫయర్ మార్చకూడదు.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైంది, వాల్యూమ్. ఒక డెసిబెల్ గట్టిగా ఉన్నది "గట్టిగా ఉంది" అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. ఒక్కో ప్రెస్సింగ్‌ని ఒక్కో లెవెల్లో కోస్తారు కాబట్టి నాబ్ ముట్టుకోకుండా మార్చి మార్చి వింటే గట్టిగా కోసినదే గెలుస్తుంది. అందుకని రెండిట్నీ లాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకోండి. ఆడాసిటీ చాలు. ఒకే పాటలో ఒకే ముప్పై సెకన్లు కత్తిరించి, సగటు లెవెల్ సమానం చేయండి.

మూడోది, కళ్ళకి గంతలు. చిన్న పైథాన్ స్క్రిప్టుతో క్లిప్పుల వరస కలిపేసి, ఏది ఏదో తెలియకుండా 16 సార్లు వినండి. ప్రతిసారీ ఇది ఏ ప్రెస్సింగో రాయండి. గాల్లో ఊహించినా సగటున 8 సరిపోతాయి. 12 లేదా అంతకన్నా ఎక్కువ అదృష్టం కొద్దీ సరిపోయే అవకాశం 4 శాతం కంటే తక్కువ, ప్రాబబిలిటీ క్లాసులో చేసిన బైనోమియల్ లెక్కే. 12 దాటితే మీకు తేడా నిజంగా వినిపిస్తున్నట్టే. ఆ తర్వాతే ఏది బాగుంది అన్న ముచ్చట. ఒక్క విషయం, డిస్కు మీద చిటపటలు వినిపిస్తే వాటితోనే గుర్తుపట్టేస్తారు. చిటపటలు లేని ముక్క ఎంచుకోండి.

నాలుగోది, మీటర్లని గుడ్డిగా నమ్మొద్దు. డైనమిక్ రేంజ్ కొలిచే సాఫ్ట్‌వేర్‌లో వినైల్ రికార్డింగ్ పెడితే సీడీ కంటే ఎక్కువ నంబరు రావడం మామూలే, రెండూ ఒకే మాస్టర్ నుంచి వచ్చినా సరే. గాడి, ముల్లు, ఫిల్టర్లు దాటేసరికి వేవ్‌ఫామ్‌లో చదునుగా కోసేసిన శిఖరాల ఆకారం మారి, కొన్ని పైకి లేస్తాయి. మీటర్ వాటినే చూసి రేంజ్ ఎక్కువుంది అనుకుంటుంది. పోయిన డైనమిక్స్ తిరిగొచ్చినట్టు కాదు.

టేపు లేని రోజు

ఇదంతా డబ్బున్న వాళ్ళ సరదాలా కనిపించొచ్చు. కానీ 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియో ఆవరణలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ కంపెనీ మాస్టర్ టేపులున్న గోదాము కాలిపోయింది. ఎన్ని పోయాయన్న దాని మీద ఇప్పటికీ వాదన ఉంది. పోయిన వాటికి మాత్రం రూట్ లేదు. ఒక టేపు పోయిన రోజున, ఎవరి బీరువాలోనో ఉన్న మంచి ఒరిజినల్ ప్రెస్సింగో, ఎవరో ముందుచూపుతో దించి పెట్టిన డిజిటల్ కాపీయో ఆ సంగీతానికి మిగిలే అత్యంత దగ్గరి రూపం. అప్పుడు పాతది గొప్పా, కొత్తది గొప్పా అన్న వాదన ఉండదు. ఏది ఉంది, దాని సోర్సు ఏంటి, ఇంతే.

మన దగ్గర కూడా తెలుగు పాటలు దశాబ్దాల పాటు డిస్కుల మీదే వచ్చాయి. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో ప్రెస్ చేసి, హెచ్‌ఎంవీ, కొలంబియా, ఒడియన్ లేబుళ్ళ మీద అమ్మింది. తాతయ్యల ఇళ్ళల్లో అటక మీద కుక్క బొమ్మ ఉన్న డిస్కులు ఇంకా ఉంటాయి. విదేశీ జాజ్ డిస్కుల డెడ్ వాక్స్ నంబర్లు డిస్కాగ్స్ లాంటి సైట్లలో అక్షరం పొల్లుపోకుండా నమోదు చేసిన అభిమానులున్నారు. మన వాటికి అంత ఓపిగ్గా రాసేవాళ్ళు తక్కువ.

సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు అలాంటి డిస్కు కనిపిస్తే పాత సామాన్ల వాడికి ఇచ్చేముందు రెండు పనులు చేయండి. లైటు కింద ఏటవాలుగా పట్టుకుని లేబుల్ చుట్టూ గీకి ఉన్న నంబర్లు చదవండి. రెండు వైపులా లేబుల్‌నీ, ఆ నంబర్లనీ ఫోటో తీసి, సినిమా పేరు రాసి, క్లబ్ డ్రైవ్‌లో పెట్టండి. టర్న్‌టేబుల్ అక్కర్లేదు, ఫోను చాలు. అదే చెట్టులో మన ఆకు ఎక్కడుందో రేపు ఎవరైనా వెతికితే, మొదలుపెట్టడానికి వాళ్ళకి ఏదో ఒకటి ఉంటుంది.